విభాగం కంప్యూటర్లకు బాధ్యులెవరు? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం హనుమకొండ, వరంగల్, కరీంనగర్‌లలోని విశ్వవిద్యాలయ విభాగాల నుంచి వచ్చినవే కావడంతో ఈ సంచికలో వాటికే చోటిచ్చాము. పేర్లు ప్రచురించవద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా విభాగంలో పన్నెండు కంప్యూటర్లున్నాయి. అన్నింటిలోనూ విండోస్ 10 ఉంది. దానికి కంపెనీ సపోర్టు ఆగిపోయిందని, మా యంత్రాలు పాతవి కాబట్టి విండోస్ 11 పడదని అంటున్నారు. అన్నీ మార్చడానికి నిధులు లేవు. ఒక్కో కంప్యూటరుకు కొంత డబ్బిస్తే విండోస్ 11 ఎక్కించి, జీవితకాలం పనిచేసేలా చేస్తామని ఒకరు ముందుకొచ్చారు. ఒప్పుకోవచ్చునా?
— ఒక విభాగాధిపతి, హనుమకొండ

జవాబు: ఒప్పుకోవద్దు. ముందుగా మీ ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ తేదీ దాటాక కూడా కంప్యూటరు ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, ఎప్పటిలాగే ప్రింటు ఇస్తుంది కాబట్టి ఏమీ మారలేదనిపిస్తుంది. అయితే ఇకపై బయటపడే లోపాలకు దిద్దుబాటు రాదు. దిద్దుబాటు లేకపోతే ఏమవుతుందో 2017 మే నెలలో ప్రపంచమంతా చూసింది. వానాక్రై అనే వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14నే, అప్‌డేట్ విడుదల చేసింది. దెబ్బతిన్న యంత్రాలు ఆ అప్‌డేట్ వేసుకోనివీ, సపోర్టు ముగిసిపోయినందున అది అందనివీ.

విండోస్ 11కు సాధారణంగా ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఈ షరతులను దాటవేసి ఎక్కించే దారులు ఉన్నాయి గాని, అలా ఎక్కించిన యంత్రాలకు అప్‌డేట్‌లు తప్పకుండా వస్తాయని కంపెనీ హామీ ఇవ్వదు. ఇక జీవితకాలపు యాక్టివేషన్ అని చెప్పేది చాలాసార్లు దొంగ లైసెన్సే. దానిని నడిపే చిన్న ప్రోగ్రామును వేసేముందు యాంటీవైరస్‌ను ఆపమంటారు. విద్యార్థుల మార్కులు, ఆధార్ నకళ్లు ఉండే కంప్యూటరులో కాపలాను తీసేసి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామును లోపలికి పిలవడం విభాగాధిపతిగా మీరు సంతకం చేయదగిన పని కాదు.

పన్నెండింటినీ ఒకే గాటన కట్టకండి. ఏ యంత్రంలో ఏ పని జరుగుతున్నదో ఒక కాగితం మీద రాయించండి. పరీక్షల మార్కులు, బిల్లులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే ఒకటి రెండు కంప్యూటర్లు ఉంటాయి. ఉన్న నిధులతో ముందు వాటిని మార్చండి. విద్యార్థులు ఇంటర్నెట్ చూసుకోవడానికి, వ్యాసాలు టైపు చేసుకోవడానికి వాడే మిగతా వాటిలో విండోస్‌కు బదులుగా నడిచే, ఉబుంటు వంటి ఉచిత లినక్స్ వేయించండి. పాత హార్డ్ డిస్కు తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ అనే డిస్కు వేస్తే, 4 జీబీ ర్యామ్ ఉన్న చోట మరో 4 జీబీ కలిపితే, అవి ఇంకొన్నేళ్లు హాయిగా పనిచేస్తాయి. కొన్ని ప్రోగ్రాములు విండోస్ 10లోనే నడవాలన్న అవసరం ఉంటే, మూడేళ్ల వరకు రుసుముతో కూడిన పొడిగింపు అప్‌డేట్‌లు ఉన్నాయి. విద్యాసంస్థలకు వాటి ధర వ్యాపార సంస్థలతో పోలిస్తే చాలా తక్కువ. ఇది విభాగం విడిగా కొనవలసినది కాదు. విశ్వవిద్యాలయ కంప్యూటర్ కేంద్రం ద్వారా అడగండి.

ప్రశ్న: మా తెలుగు శాఖలో ప్రశ్నపత్రాలు, సెమినార్ సంచికలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి. అవి విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఒకే ఒక్క పాత కంప్యూటరులో తెరుచుకుంటాయి. దాన్ని తీసేయమని కొత్తగా వచ్చిన సాంకేతిక సహాయకుడు పట్టుబడుతున్నాడు.
— తెలుగు అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: అతని భయంలో న్యాయముంది. ఎక్స్‌పీకి సపోర్టు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. అయినా ఆ యంత్రాన్ని రేపే తీసేయనక్కరలేదమ్మా. దానికున్న నెట్‌వర్క్ కేబుల్ పీకేయించండి, వైఫై పరికరముంటే తీసేయించండి. బయటితో సంబంధం లేని కంప్యూటరుకు బయటినుంచి ముప్పు చాలావరకు ఉండదు. ఫైళ్లు తెచ్చి తీసుకుపోవడానికి ఒక పెన్‌డ్రైవ్‌ను ప్రత్యేకంగా పెట్టుకుని, దానిని ఇంకెక్కడా పెట్టకుండా, ప్రతిసారీ కొత్త కంప్యూటరులో స్కాన్ చేసి వాడండి. ప్రశ్నపత్రాల విషయంలో ఇది మంచిదే కూడా.

అసలు పని మాత్రం అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్చుకోవడం. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని చోట పేజీ అంతా అర్థం కాని గుర్తులుగా కనిపించడానికి కారణం అదే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగుకు సొంత స్థానాలున్నాయి కాబట్టి, అందులో టైపు చేసినది ఏ కంప్యూటరులోనైనా, ఏ ఫోనులోనైనా చదవవచ్చు, వెతకవచ్చు. మార్పిడి చేసే ప్రోగ్రాములు దొరుకుతాయి గాని ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర అవి తడబడతాయి, అందుకే ప్రూఫు చూడక తప్పదు. ఎంఏ విద్యార్థులకు ఒక్కో సంచిక అప్పగిస్తే వారికి ప్రూఫు దిద్దడం కూడా వస్తుంది. విలువైన పాత వ్యాసాలు ఆ ఒక్క యంత్రపు డిస్కుతో పాటే పోయే పరిస్థితి చాలా శాఖల్లో ఉంది. ఆ డిస్కుకు నకలు ఈ వారమే తీయించండి.

ప్రశ్న: నేను ఒక విభాగం కార్యాలయంలో ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేస్తున్నాను. మీ మెయిల్ పెట్టె నిండిపోయింది, ఇరవై నాలుగు గంటల్లో ఖాతా మూసేస్తాం అని విభాగం మెయిల్‌కు ఒక సందేశం వచ్చింది. పని ఒత్తిడిలో లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చాను. తరువాత ఏమీ జరగలేదు. కానీ నిన్న ఒక సారు, మెయిల్‌లో డబ్బు ఎందుకడిగారని ఫోన్ చేశారు. పెద్ద సారుకు చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉంది.
— కార్యాలయ సహాయకుడు, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరం అచ్చులో చూసేదాకా ఆగవద్దని మీకు విడిగా రాశాము. ఇలాంటి స్థితిలో ఉన్న మరికొందరి కోసం ఇక్కడ వివరిస్తున్నాము.

పాస్‌వర్డ్ ఇచ్చిన తరువాత ఏమీ జరగలేదనుకోవడమే ఇందులో మోసం. దొంగ మీ ఖాతాలోకి వచ్చి వెంటనే అలజడి చేయడు. పాత మెయిళ్లు చదువుతాడు, ఎవరు ఎవరికి ఏ మర్యాదతో రాస్తారో, ఏ బిల్లు ఎప్పుడు వస్తుందో చూసుకుంటాడు. ఆ తరువాత విభాగం పేరుతోనే, విభాగం పద్ధతిలోనే డబ్బు అడుగుతాడు. జవాబులు మీ కంట పడకుండా సెట్టింగులలో ఒక ఫిల్టరు కూడా పెట్టుకుంటాడు. అది కొత్తగా వచ్చే జవాబులను నేరుగా చెత్తబుట్టకో, తన చిరునామాకో పంపిస్తుంది. పాస్‌వర్డ్ మార్చి ఊరుకున్నవారు తరచుగా ఇక్కడే మళ్లీ దెబ్బతింటారు, ఎందుకంటే పాస్‌వర్డ్ మారినా ఆ ఫిల్టరు తన పని తాను చేస్తూనే ఉంటుంది.

కాబట్టి మరో శుభ్రమైన కంప్యూటరు నుంచి ఖాతా తెరిచి పాస్‌వర్డ్ మార్చండి. ఖాతా ఏయే పరికరాల్లో తెరిచి ఉందో చూపే పేజీలో మీవి కానివన్నీ సైన్ అవుట్ చేయండి. ఫార్వార్డింగ్, ఫిల్టర్లు రెండూ చూసి, మీరు పెట్టనివి తొలగించండి. ఖాతా తిరిగి పొందడానికి ఇచ్చే ఫోన్ నంబరు, రెండో మెయిల్ చిరునామా మారాయేమో చూడండి. ఖాతాను వాడుకోవడానికి అనుమతి పొందిన బయటి యాప్‌లుంటే తీసేయండి. ఆ తరువాత, పాస్‌వర్డ్‌తో పాటు ఫోను ద్వారా మరో ధ్రువీకరణ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. పంపిన మెయిళ్ల పెట్టె, చెత్తబుట్ట చూసి ఎవరెవరికి డబ్బు సందేశం వెళ్లిందో రాసుకుని, వారందరికీ ఫోన్ చేయండి. ఎవరైనా డబ్బు పంపి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయమనండి. ఆ డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోయేలోపు నిలపగలిగితేనే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఇవన్నీ మీరొక్కరే గుట్టుగా చేయగలిగినవి కావు, చేయకూడదు కూడా. విశ్వవిద్యాలయ కంప్యూటర్ కేంద్రానికి తెలియాలి. దేశంలోని కంప్యూటరు అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ప్రభుత్వ, కార్పొరేట్ సంస్థలు ఇటువంటి ఘటనలను గమనించిన 6 గంటల్లోగా నివేదించాలి. విభాగంలో ఒకరు భయపడి రెండు రోజులు దాచితే ఆ గడువు ఎవరికీ తెలియకుండానే దాటిపోతుంది.

ఇక్కడ విభాగాధిపతులకు, ఆచార్యులకు ఒక మాట చెప్పాలి. ఈ మోసంలో పడేది చదువు తక్కువైనవారు కాదు. రోజుకు వందల కాగితాల మధ్య, నాలుగు ఫోన్ల మధ్య, ఈ సాయంత్రానికే పంపాలన్న ఆదేశం కింద పనిచేసేవారు పడతారు. మెయిల్ రాసే దొంగ ఆ హడావుడినే నమ్ముకుంటాడు. తప్పు చెప్పుకోవడానికి వచ్చిన సహాయకుణ్ణి అందరి ముందూ కేకలేస్తే, ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఇకపై దాచడమే మేలని నేర్చుకుంటారు. వచ్చే ఏడాది అంతకంటే పెద్ద ప్రమాదం మీకు పదిహేను రోజుల తరువాత తెలుస్తుంది. ఇలాంటి మెయిల్ వస్తే, పొరపాటున నొక్కితే, ఎవరికి ఫోన్ చేయాలో పేరుతో సహా రాసి కార్యాలయం గోడకు అంటించండి. వెంటనే చెప్పినవారిపై చర్య ఉండదని మీ నోటితో చెప్పండి. యాంటీవైరస్‌కు పెట్టే ఖర్చు కంటే ఈ మాట ఎక్కువ కాపాడుతుంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులకు ఈ భరోసా మరింత అవసరం, ఎందుకంటే పోగొట్టుకునేది వారికే ఎక్కువ.

ప్రశ్న: దసరా సెలవుల తరువాత ల్యాబ్ తెరిస్తే నాలుగు కంప్యూటర్లలో ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు. మీ కనెక్షన్ సురక్షితం కాదని హెచ్చరిక వస్తున్నది. హ్యాక్ అయ్యాయా?
— ల్యాబ్ సహాయకుడు, హనుమకొండ

జవాబు: ముందు తెర కింది మూలన తేదీ చూడండి. ఏళ్ల వెనకటి తేదీ కనిపిస్తే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. దాని పేరు సీఆర్ 2032, ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలకు ప్రారంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి కాబట్టి, కంప్యూటరు తేదీ తప్పయితే ప్రతి ధ్రువపత్రమూ చెల్లనిదిగా కనిపిస్తుంది. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే చాలు. తేదీ సరిగానే ఉండి అదే హెచ్చరిక వస్తే మాత్రం దాన్ని దాటి ముందుకు వెళ్లకుండా కంప్యూటర్ కేంద్రానికి చెప్పండి.

ప్రశ్న: నా పీహెచ్‌డీ సిద్ధాంతవ్యాసం అధ్యాయాలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. జిరాక్స్ సెంటరులో ప్రింటు తీయించుకుని హాస్టల్‌కు వచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారాయి. నొక్కితే లోపలి ఫైళ్లు తెరుచుకుంటున్నాయి గాని ఏదో తేడాగా ఉంది. ఇంకో నకలు లేదు.
— పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ అధ్యాయాలు పోలేదు, ధైర్యంగా ఉండండి. ఈ వైరస్ అసలు ఫోల్డర్‌ను కంటికి కనబడకుండా దాచి, అదే పేరుతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది. మీరు దానిని నొక్కినప్పుడు మొదట వైరస్ నడుస్తుంది, ఆ వెంటనే అసలు ఫోల్డర్ తెరుచుకుంటుంది. మామూలుగా తెరుచుకోవడం వల్లే ఎవరికీ అనుమానం రాదు. మీరు ఇప్పటికే నొక్కారు కాబట్టి మీ ల్యాప్‌టాప్‌కు కూడా అది అంటి ఉంటుందని భావించి, యాంటీవైరస్‌ను తాజా చేసి పూర్తి స్కాన్ నడపండి.

ఫైళ్లను బయటికి తీయడానికి అన్నిటికంటే నిశ్చింత అయిన దారి లినక్స్ ఉన్న కంప్యూటరు. విండోస్ కోసం రాసిన ఆ వైరస్ అక్కడ నడవదు, దాచిన ఫోల్డర్లు సాధారణంగా అలాగే కనిపిస్తాయి. అది దొరకకపోతే, వైరస్ లేదని స్కాన్ చేసి తేల్చుకున్న విండోస్ కంప్యూటరులో ఫోల్డర్ ఆప్షన్స్ తెరిచి, దాచిన ఫైళ్లు చూపమని ఎంచుకుని, దాని కిందనే రక్షిత సిస్టమ్ ఫైళ్లను దాచు అన్న చోట టిక్కు కూడా తీసేయండి. ఈ రెండోది తీయనందువల్లే చాలామందికి ఫోల్డర్లు కనబడక, అన్నీ పోయాయని ఏడుస్తూ పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసేస్తారు. కనిపించిన వాటిలో వర్డ్, పీడీఎఫ్, ఎక్సెల్ ఫైళ్లను మాత్రమే తీసుకోండి. మీకు తెలియని పేర్లున్న చిన్న ఫైళ్ల జోలికి పోకండి. అవి భద్రంగా చేరి తెరుచుకున్నాయని చూసుకున్నాకే పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి.

ప్రింటింగుకు ఒక చిన్న పెన్‌డ్రైవ్ వేరుగా పెట్టుకుని, అందులో ఆ రోజు కావలసిన పీడీఎఫ్ ఒక్కటే తీసుకువెళ్లండి. తిరిగి వచ్చి దానిని ఫార్మాట్ చేయండి. జిరాక్స్ సెంటరులో వాట్సాప్ వెబ్ తెరిచి ప్రింటు ఇచ్చే అలవాటు ఇంకా ప్రమాదకరం. మీరు బయటికొచ్చాక కూడా ఆ కంప్యూటరులో మీ సందేశాలు పడుతూనే ఉంటాయి. ఫోనులో లింక్డ్ డివైసెస్ అన్న చోట చూసి, మీవి కానివి లాగౌట్ చేయండి.

నకళ్ల సంగతి. మూడు చోట్ల ఉండాలి: ల్యాప్‌టాప్‌లో ఒకటి, విడిగా ఇంటి దగ్గర ఉంచే బయటి డిస్కులో ఒకటి, గూగుల్ డ్రైవ్ వంటి చోట ఒకటి. డ్రైవ్ ఒక్కటే చాలదు, ఎందుకంటే ల్యాప్‌టాప్‌తో జోడించి ఉంచితే ఇక్కడ చెరిగినది అక్కడా చెరుగుతుంది, చెత్తబుట్టలో అది 30 రోజులే ఉంటుంది. ప్రతి ఆదివారం అధ్యాయం పేరుకు తేదీ చేర్చి కొత్త ఫైలుగా భద్రపరచండి. దేశంలోని సిద్ధాంతవ్యాసాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగలో మీ వ్యాసం చేరేది పట్టా వచ్చాక. అంతవరకు దాని భద్రత మీదే.

ప్రశ్న: మా విభాగం పోర్టల్ పాస్‌వర్డ్ అధ్యాపకులందరికీ, సహాయకులకూ, పోయినేడు మానేసిన అతిథి అధ్యాపకులకూ తెలుసు. మూడు నెలలకోసారి మార్చమని ఉత్తర్వు ఉంది. మార్చిన ప్రతిసారీ చివరి అంకె మాత్రం మారుతున్నది.
— సహాయ ఆచార్యులు, వరంగల్

జవాబు: మీ విభాగంలోనే కాదు, ఈ అంకె మార్చే పద్ధతి అంతటా ఉంది. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే, లీక్ అయినట్టు ఆధారముంటే తప్ప గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దని, పొడవైనదాన్ని పెట్టించమని చెప్పింది. కాకతీయ పక్కన 123 అనో, వరంగల్ పక్కన సంవత్సరమో పెట్టడం దొంగ మొదట ప్రయత్నించే పని. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో వరుసగా రాస్తే, చింతచిగురు, సైకిలు, ఇసుర్రాయి, పున్నమి లాగా, గుర్తుంచుకోవడం తేలిక, ఊహించడం కష్టం. అచ్చయిన ఈ నాలుగింటినే వాడకండి.

అయితే పొడవు పెంచినా అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్నంతకాలం ఫలితం సగమే. ఒక విద్యార్థి మార్కు మారిందనుకోండి. ఎవరు మార్చారన్నది ఆ పోర్టల్ చెప్పలేదు, అప్పుడు అనుమానం అందరి మీదా పడుతుంది, తప్పు చేయనివారు తమను తాము కాపాడుకోలేరు. ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా ఇవ్వమని రాతపూర్వకంగా కోరండి. అది కుదిరేవరకు పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉంచి, ఒక కవరులో సీలు వేసి విభాగాధిపతి బీరువాలో పెట్టండి. మానిటరుకు అంటించిన చీటీని మాత్రం ఈ రోజే చింపేయండి. విభాగం నుంచి ఎవరు వెళ్లిపోయినా, గ్రంథాలయం నో డ్యూస్ అడిగినట్టే, ఖాతాలు మూసినట్టు ఒక సంతకం ఆ కాగితంలోనే చేర్చండి.

ప్రశ్న: కాలం చెల్లిన కంప్యూటర్లను వేలం వేయబోతున్నాము. ఫైళ్లన్నీ డిలీట్ చేశాము. ఇది చాలునా?
— కార్యాలయ పర్యవేక్షకురాలు, కరీంనగర్

జవాబు: చాలదు. డిలీట్ చేసినప్పుడు ఫైలు ఎక్కడుందో చెప్పే సూచిక మాత్రమే చెరుగుతుంది, లోపలి సమాచారం అలాగే ఉంటుంది. ఉచితంగా దొరికే ప్రోగ్రాములతో కొన్నవారెవరైనా దానిని తిరిగి తీయగలరు. వేలం జాబితా వేసేముందు డిస్కులను బయటికి తీయించండి. పాత రకం హార్డ్ డిస్కు అయితే దానిని మరో కంప్యూటరుకు కలిపి, ఫార్మాట్ చేసేటప్పుడు క్విక్ అన్న చోట టిక్కు తీసేస్తే, డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది. గంటల సమయం పట్టవచ్చు, కానీ మీ అవసరానికి అది సరిపోతుంది. ఎస్ఎస్‌డీ అయితే దాని తయారీదారు ఇచ్చే ప్రోగ్రాముతోనే చెరపాలి. పాడైపోయి తెరుచుకోని డిస్కులను చెరపలేరు కాబట్టి, వాటికి మీ ముందే రంధ్రాలు వేయించండి. స్కానర్లతో, ఫొటోలు తీసే పనులతో వచ్చిన మెమరీ కార్డులు, పెద్ద జిరాక్స్ యంత్రాల్లో ఉండే డిస్కులు చాలామందికి గుర్తుండవు. వాటినీ చూడండి.

ఈ-వ్యర్థాల నిర్వహణకు 2022 నాటి నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. పనికిరాని యంత్రాలు పాత ఇనుప సామాను కొనేవారికి కాక, నమోదైన రీసైక్లింగ్ సంస్థకే చేరాలి. స్టాకు రిజిస్టరులో ప్రతి డిస్కు సీరియల్ నంబరు ఎదుట, అది ఎలా చెరిపినదీ, ఎవరు చెరిపినదీ రాసి, మీ సంతకంతో పాటు చెరిపినవారి సంతకమూ తీసుకున్న తరువాతే వేలం దస్త్రాన్ని పైకి పంపండి.